ఒకటో నంబరు జవాబు

బుధవారం పొద్దున నబీరసూలు కంట్రోలు, ఆల్టు రెండూ నొక్కిపెట్టి ఒకటో అంకె నొక్కాడు. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. కాగితం తెల్లగానే ఉంది. రెండు నొక్కాడు, మూడు నొక్కాడు, తొమ్మిది దాకా వరసగా నొక్కుకుంటూ పోయాడు. ఒక్కటీ పలకలేదు.

రాత్రి కంప్యూటరు తనంతట తానే అప్‌డేట్ అయింది. పొద్దున తెరిచేసరికి రంగులు మారాయి, కింద ఎడమ మూలనుండే గుర్తులు నడిమికి జరిగాయి. అందాకా నబీరసూలుకు ఏ పేచీ లేదు. షార్ట్‌కట్లు పోయేసరికి మాత్రం చేతులు కట్టేసినట్టయింది. బల్ల మీద నలభై జాబులు కూర్చున్నాయి. ఒక్కోదానికి జవాబు మొదటినుంచీ కొట్టాలంటే ఎప్పటికి తెమలాలి?

గువ్వలకొండ దర్గాలో జాబు రాయడం ఒక మొక్కు. కష్టమొచ్చినవాళ్ళు ఫోను చెయ్యరు. ఫోనులో అడిగిన మాట గాలికి పోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. కాగితం మీద రాసి పోస్టులో పంపితే, దాన్ని ఒక పూట సమాధి దగ్గర ఉంచి, ఆ తర్వాత దర్గా పెద్ద జమాలయ్య తాత వింటాడు. విని జవాబు చెప్తాడు. తురకలు, హిందువులు అని లేదు, చుట్టుపక్కల మూడు తాలూకాల నుంచి జాబులొస్తాయి.

నబీరసూలు తాత దగ్గర చేరి పదకొండేళ్ళు. ప్రొద్దుటూరులో డీటీపీ నేర్చుకున్నవాడు, చేతిరాత బాగుంటుందని తాత దగ్గరికి తీసుకున్నాడు. మొదట్లో జాబు చదవడం, తాత చెప్పింది రాయడం, అంతే పని. ఒక్కో జాబును తాత రెండుసార్లు చదివించుకునేవాడు. అడ్డమైన ప్రశ్నలన్నీ వేసేవాడు. ఆ ఊరికి బస్సుందా, వాళ్ళింట్లో పెద్దదిక్కు ఎవరు, రాసింది ఆమేనా, ఇంకెవరితోనన్నా రాయించిందా. పూటకు నాలుగు జాబులు అయితే గొప్ప. నబీరసూలుకు లోపల విసుగ్గా ఉండేది గానీ బయటపడేవాడు కాదు.

మూడేళ్ళ కిందట తాత కళ్ళకు పొర కమ్మింది. ఒళ్ళు కూడా తగ్గింది. "నువ్వు చూసుకో నబీ" అన్నాడు ఒకనాడు. నబీరసూలు చూసుకున్నాడు. పాత జవాబుల కట్టలన్నీ విప్పి చదివితే, లోకంలో మనుషులకు తొమ్మిది కష్టాలే ఉన్నాయని అతనికి తేలింది. తొమ్మిదింటికీ తాత నోట వచ్చిన మంచి మాటలు ఏరి, అచ్చు భాషలోకి దిద్ది, తొమ్మిది అంకెలకు కట్టాడు. జబ్బుకు ఒకటి, సంబంధాలకు రెండు, నీళ్ళు పడని బోరుకు మూడు. చావుకు ఏడు, పుట్టిన బిడ్డకు ఎనిమిది. జాబు మొదటి వరస చూస్తే చాలు, అంకె తెలిసిపోతుంది. మూల మీద ఎర్ర కలంతో ఆ అంకె వేసి, మీట నొక్కి, అచ్చు తీసి, దర్గా ముద్ర గుద్ది, కవరులో పెట్టి, జాబును ఇనప తీగకు గుచ్చేవాడు. గంటకు నలభై.

నబీరసూలు చెడ్డవాడేమీ కాదు. పనిమంతుడు. చిక్కంతా అక్కడే వచ్చింది. "మా తాత జవాబివ్వని జాబు లేదు" అని ఏటా జరిగే ఉరుసు పండక్కి వచ్చిన పెద్దమనుషులు అంటుంటే తలొంచుకుని వినేవాడు. తలొంచుకోవడమూ ఒక రకం గర్వమే.

బుధవారమంతా అతనికి తలప్రాణం తోకకొచ్చింది. ఆపి మళ్ళీ పెట్టాడు. కీబోర్డు తీగ ఊడదీసి తగిలించాడు. బస్టాండు దగ్గర జిరాక్సు షాపతన్ని బతిమాలి ఇంకో కీబోర్డు తెచ్చి చూశాడు. అక్షరాలు పడుతున్నాయి, అంకెలు పడుతున్నాయి, షార్ట్‌కట్లు మాత్రం లేవు. భాష మార్చే గుర్తు దగ్గర తెలుగు రెండుసార్లు కనిపిస్తే ఒకటి తీసేశాడు. అది తీసేస్తే మొత్తం తెలుగే పోయింది. మళ్ళీ తెచ్చుకోవడానికి సాయంత్రమయింది.

గురువారం ప్రొద్దుటూరులో కంప్యూటర్లు బాగుచేసే సుదర్శనానికి ఫోను చేశాడు.

"లాస్ట్ ఎప్పుడు కరెక్టుగా పనిచేసింది?" అన్నాడు సుదర్శనం. ఎవరు ఫోను చేసినా అతను ముందు అడిగేది అదే.

"మంగళవారం సాయంత్రం దాకా బాగుండింది."

"తర్వాత ఏం మారింది?"

"అప్‌డేట్ వచ్చింది."

"అయితే తప్పు అప్‌డేట్‌దే. ఆ షార్ట్‌కట్ల ప్రోగ్రామ్ పీకేసి మళ్ళీ ఎక్కించు. నీ మాటలు యాడికీ పోవు, అట్లే ఉంటాయి."

తప్పు అప్‌డేట్‌దేనని వినగానే నబీరసూలు గుండె కొంచెం తేలికపడింది.

ఆ సాయంత్రం తాత పంచలో కూర్చుని, "ఏం నబీ, రెండు దినాలుగా నీ టకటకలు వినపడ్లేదే?" అన్నాడు.

నబీరసూలు సంగతి చెప్పాడు. తాతకు సగం అర్థమయింది, సగం కాలేదు.

"అయితే జాబులు ఇట్ల తీసకరా. ఒక్కోటి చదువు, చెప్తా."

"అరవై దాటినాయి తాతా. మీకెందుకు శ్రమ? రేపటికి బాగైపోతాది."

తాత "సరే, నీ ఇష్టం" అన్నాడు. అని, నడుం నొప్పిగా ఉందని లోపలికి పోయి పడుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి ప్రోగ్రామ్ ఎక్కింది. నబీరసూలు ఊపిరి బిగబట్టి ఒకటి నొక్కాడు. జబ్బు జవాబు గలగలా దిగింది. అక్షరం పొల్లుపోలేదు. అమ్మయ్య అనుకున్నాడు. ఒకటి పలికిందంటే తొమ్మిదీ పలికినట్టే గదా. మిగతావి చూడలేదు.

చూసి ఉంటే తెలిసేది. కొత్తగా ఎక్కిన ప్రోగ్రామ్ అతను కట్టిన వరసను పట్టించుకోలేదు. తొమ్మిది జవాబుల్నీ అక్షరక్రమంలో పేర్చింది. జబ్బు జవాబు "ఎక్కడికీ" అనే మాటతో మొదలవుతుంది కాబట్టి మొదటే మిగిలింది. మిగతా ఎనిమిదీ స్థలాలు మారాయి.

పేరుకుపోయిన జాబుల్ని ఆ సాయంత్రమే ఊడ్చేశాడు. తెర వైపు చూడలేదు, చూడాల్సిన అవసరం మూడేళ్ళుగా లేదు. అందులో కొమ్మలపల్లె నుంచి ఒక జాబు. "తాతా, మా బిడ్డ పోయినాడు" అని మొదటి వరసలోనే ఉంది. నబీరసూలు అయ్యో అనుకున్నాడు. అనుకుంటూనే ఏడు నొక్కాడు.

మరుసటి శుక్రవారం నమాజయి జనం పలచబడ్డాక ఒకామె వచ్చింది. ముప్పై లోపు వయసు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని తాతకు ఎదురుగా కూర్చుంది. నబీరసూలు పక్కనే బల్ల దగ్గర కవర్లకు జిగురు రాస్తున్నాడు.

"తాతా, నేను కొమ్మలపల్లె ఓబులమ్మను. బిడ్డను తెమ్మని జాబు రాసినావు గదా. వచ్చినా."

"ఏదీ, ఇట్లియ్యమ్మా" అని తాత రెండు చేతులూ చాచాడు.

ఆమె కవరు విప్పి ఒక చొక్కా తీసి ఆ చేతుల్లో పెట్టింది. జానెడు చొక్కా. కొత్తది, గుండుసూదులు కూడా ఇంకా తియ్యలేదు. తాత దాన్ని వేళ్ళతో తడిమాడు. మెడపట్టీ తడిమాడు, గుండీలు తడిమాడు.

"బిడ్డ యాడమ్మా?"

"పోయినాడు తాతా. ఆ సంగతి రాసినా గదా నీకు. అయిదు వారాలాయె."

జిగురు పుల్ల నబీరసూలు చేతిలోనే ఆగిపోయింది.

ఓబులమ్మ కొంగులోంచి జవాబు కాగితం తీసింది. చదువుకున్నదే, మెల్లగా పైకి చదివింది. "బిడ్డను తీసుకురండి. కొత్త చొక్కా తొడిగించి తీసుకురండి. ఒళ్ళో వేసుకొని నేనే పేరు పెడతాను."

అది ఎనిమిదో నంబరు జవాబు.

"మా ఆయన వద్దన్నాడు తాతా. ఎవురికో రాసింది మనకొచ్చింటాది అన్నాడు. నేనే ఇన్లేదు. పేరన్నా పెట్టకముందే పోయినాడు, పేరు లేకుండా పూడ్చినాము, ఏమని పిలుచుకుని ఏడ్చేది అని నేను జాబులో చివరన రాసినా. అది చదివే నువ్వు పిలిచినావని నాకు తెలుసు. అంతమంది జాబుల్లో నా మాట చదివినావు. అదొక్కటే నాకు…"

ఆ చివరి మాట నబీరసూలు చదవలేదు. మొదటి వరసే చదివాడు.

తాత చొక్కాను ఒళ్ళో పరుచుకున్నాడు. గుండుసూదులు ఒక్కొక్కటే వెతికి తీసి పక్కన పెట్టాడు. కళ్ళు కనపడవు, వేలికి గుచ్చుకుంది, నెత్తురు చుక్క చొక్కాకు అంటకుండా పంచెకు తుడుచుకున్నాడు. సూదులన్నీ అయ్యాక వంగి, మెడపట్టీకి పక్కగా, చెవి ఉండే చోట నోరు పెట్టాడు.

"దస్తగిరీ" అన్నాడు. "దస్తగిరీ. దస్తగిరీ."

చెయ్యి పట్టుకునేవాడు అని ఆ పేరుకు అర్థం. ఓబులమ్మ అప్పుడు ఏడ్చింది. పెద్దగా, చాలాసేపు ఏడ్చింది. తాత ఊరుకోబెట్టలేదు. ఆమె తనంతట తానే ఊరుకుని, ముఖం తుడుచుకుని, కొంచెం తేటపడినట్టు కనిపించింది.

నబీరసూలుకు ఒక పాడు ఆలోచన వచ్చింది. తప్పు తప్పే గానీ, ఎంత మంచికి తగిలిందో అనుకున్నాడు. ఎవరికీ చెప్పనక్కర్లేదు అనుకున్నాడు.

లేవబోతూ ఓబులమ్మ అంది: "జూన్‌లో రాసిన మొదుటి జాబుకు యాడికీ పోవద్దన్నావు. మేం పోలేదు తాతా. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని నానా మాటలంటాండారు. అననీలే. అట్ల ఎందుకన్నావో నీకు తెలిసే ఉంటాది."

తాత తల ఎత్తాడు.

"ఏమన్నా నేను?"

"యాడికీ పోవద్దు, ఉన్నచోటే ఉండండి, నేనున్నాను అన్నావు."

ఆ మాట తనదేనని తాతకు గుర్తుంది. ఏడేళ్ళ కిందట ఎర్రమట్టిపాడు శేషయ్యకు చెప్పింది. ఎనభై ఏళ్ళ ముసలాయన. మోకాళ్ళు పడిపోయాయి, అయినా ఉరుసుకు నడిచే వస్తానని మొక్కుకున్నాను, ఏం చెయ్యమంటావు అని రాశాడు. ఆ జాబు తాత రెండుసార్లు చదివించుకుని, దారిలో దాటాల్సిన వంక ఉందా అని అడిగి, ఉందంటే, "యాడికీ పోవద్దు శేషయ్యా, ఉన్నచోటే ఉండు, నేనున్నా" అన్నాడు. రాస్తున్న నబీరసూలుకు కళ్ళు చెమర్చాయి ఆ రోజు. అంత బాగున్న మాట ఒక్క శేషయ్యకే ఎందుకు పోవాలని, దాన్నే ఒకటో నంబరుకు కట్టాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు తాత.

ఓబులమ్మకు అర్థం కాలేదు.

"నాకేమీ తెలీదు తల్లీ. నీ మొదుటి జాబు నేను వినలేదు. రెండోది గూడా వినలేదు. నువ్వు చెప్తాంటే ఇప్పుడే వింటాండా. పోవద్దన్న మాట తప్పు. ఆ తప్పు నా ఇంట్లోనే జరిగింది."

ఆమె తాత ముఖంలోకి చూసింది. తర్వాత నబీరసూలు వైపు చూసింది. నబీరసూలు తల దించుకున్నాడు. ఈసారి తల దించుకోవడం వేరుగా ఉంది.

"మరి ఎవురూ ఇన్లేదా?" అంది.

ఓబులమ్మ చొక్కాను తాత ఒళ్ళోంచి తీసుకుంది. షాపులో మడిచిన మడతల మీదే మళ్ళీ మడిచింది. కవరులో పెట్టుకుంది. జవాబు కాగితం మాత్రం అక్కడే వదిలేసింది. "బస్సు టైమాయె" అని, ఎవరితోనో అన్నట్టు అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నబీరసూలు ఆమె వదిలేసిన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "తాతా, అప్‌డేట్ వచ్చి మొత్తం తారుమారయింది. ఏడుకు ఎనిమిది పడింది. నేను చూసుకోలేదు. అది రాకముందు అంతా బాగుండింది."

"బాగుండిందా?" అన్నాడు తాత.

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు.

నబీరసూలు లేచి లోపలికి పోయాడు. గోడకు ఇనప తీగలు వరసగా వేలాడుతున్నాయి, ఒక్కో తీగకు కొన్ని వందల జాబులు. జూన్ తీగ దించాడు. పైనుంచి ఒక్కొక్కటే తీస్తూ పోయాడు. అన్నిటి మూలల్లో ఎర్ర అంకెలు. ఒకటి, నాలుగు, ఒకటి, రెండు, ఒకటి. అడుగున కొమ్మలపల్లె జాబు దొరికింది. మూల మీద ఒకటి. కాగితం నడిమధ్య తీగ దిగిన తూటు.

తెచ్చి తాత దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"చదువు" అన్నాడు తాత.

నబీరసూలు చదివాడు. "జమాలయ్య తాతకు ఓబులమ్మ దండాలు. మా బిడ్డకు నలతగా ఉంది." అక్కడ ఆగాడు. ఆనాడు ఆగింది అక్కడే. తర్వాతి వరసలు అతను కూడా ఇప్పుడే మొదటిసారి చదువుతున్నాడు.

"బిడ్డకు మూడు నెలలు. ఏడిస్తే పెదాలు నీలంగా అయితాండాయి. పాలు తాగితే ఆయాసపడతాడు. రాయచోటి డాక్టరు చూసి, గుండెలో లోపముంది, నెల లోపల తిరుపతికి తీసకపోండి, అక్కడ బాగుచేస్తారు అన్నాడు. మా అత్త, తాతను అడగందే బిడ్డ గుండె కొయ్యనిచ్చేది లేదంటాది. అందుకని రాస్తాండా. నువ్వు పొమ్మంటే ఆ పూటే పోతాము. వద్దంటే ఆగుతాము. పేరు ఇంకా పెట్టలేదు. ఉరుసుకు తెచ్చి నీ చేతనే…" ఇక్కడ తూటు పడి ఒక మాట పోయింది. "…పెట్టించుకోవాలని ఉంది."

"ఇంకోసారి చదువు."

నబీరసూలు ఇంకోసారి చదివాడు. రెండోసారి చదవడానికి చాలా కష్టమయింది. తాత కళ్ళు మూసుకుని విన్నాడు.

"వాళ్ళూరికి బస్సుందా?"

"పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉండాయి తాతా. రాయచోటి దాకా."

"ఆడినుంచి తిరుపతికి?"

"మూడు గంటలు."

"మూడు గంటలే" అన్నాడు తాత. తర్వాత, "వినే పని నీకిచ్చి నేను పడుకున్నా నబీ. నాకూ సుళువుగానే ఉండింది" అన్నాడు.

నబీరసూలు ఏడుస్తున్నాడు. తాత అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది, ఓదార్పుగా లేదు.

"కాగితం తీసుకో. కలంతో రాయి. జవాబు చెప్తా."

నబీరసూలు బల్ల మీది తెల్ల కాగితం తీసుకున్నాడు. మూడేళ్ళుగా ఎర్ర అంకెలు తప్ప కలంతో ఏమీ రాయని చెయ్యి. అక్షరాలు వంకర పోయాయి.

"ఓబులమ్మా, నీ జాబు రెండుసార్లు విన్నా" అని చెప్పాడు తాత. "మధ్యాహ్నం బస్సుకే బయలుదేరండి. ఆగొద్దు. మీ అత్తకు నేను చెప్పినానని చెప్పు. బాగయినాక బిడ్డను తీసకరా, పేరు పెడతా."

నబీరసూలు రాశాడు. రాసి, అలవాటు కొద్దీ ముద్ర కోసం చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"రాసినావా?"

"రాసినా తాతా."

"తేదీ వెయ్యి."

కలం కాగితం పై మూల దాకా పోయి ఆగింది. ఎదురుగా గోడ మీద క్యాలెండరులో అక్టోబరు ఉంది. చేతిలోని జాబు మీద జూన్ పన్నెండు అని ఉంది.

"ఈ పొద్దుదేనా తాతా?" అన్నాడు నబీరసూలు.

"ఆ బిడ్డకు పనికొచ్చే తేదీ వెయ్యి నాయనా."